గ్యాసు మారిస్తే వ్యాను చల్లబడుతుందా?

అమెరికాలోను ఐరోపాలోను రహదారులమీద ఈనాటికీ ఒక పాతకాలపు వాహనము కనిపిస్తూ ఉంటుంది. చూడడానికి చక్రాలమీద ఎక్కించిన అగ్గిపెట్టె వలె ఉంటుంది. లోపల పడుకొనడానికి పరుపు, వంటకు చిన్న పొయ్యి, నీళ్లతొట్టి, మడతబల్ల ఉంటాయి. రాత్రి అయినప్పుడు కప్పును పైకి లేపితే దానిచుట్టూ గుడ్డగోడలు విచ్చుకొని, మేడమీద మరొక పడక ఏర్పడుతుంది. దీనిని కాంపర్ వ్యాను అంటారు. ఇల్లూ బండీ ఒకటే అన్నమాట.

ఈ జాతిలో మిక్కిలి పేరుపొందినది జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ వ్యాను. 1950లో మొదలైన ఆ వంశములో మూడవ తరము 1979లో వెలువడినది. వెస్ట్‌ఫాలియా అనే మరొక జర్మన్ సంస్థ వాటిలో చాలా వ్యానులను ఇళ్లుగా మార్చి ఇచ్చేది. అమెరికాలో వీటిని 1980 నుంచి 1991 వరకు ‘వానగన్’ అనే పేరుతో అమ్మారు. దక్షిణాఫ్రికాలో ఈ తరము వ్యానుల తయారీ 2002 వరకు సాగింది. మూడు నాలుగు దశాబ్దాలు గడిచినా యజమానులు వీటిని విడువలేదు. ఇంజన్లు బాగుచేయిస్తారు, తుప్పు గీకిస్తారు, కొత్త రంగు వేయిస్తారు. ఒక్క విషయములో మాత్రము ఎక్కువమంది ఓడిపోతున్నారు. అది ఎండాకాలము.

ఈ వ్యానులలో కొన్నింటికి ఫ్యాక్టరీలోనే ఎయిర్ కండిషనింగ్ అమర్చారు. అది నేడు చాలావరకు పనిచేయదు, లేదా నామమాత్రముగా పనిచేస్తుంది. దానిని బాగుచేయడానికి అంగళ్లలో సులువైన ఉపాయమొకటి దొరుకుతుంది. రెండు మరలు, ఒక సీసా నూనె, రెండు మూడు డబ్బాల కొత్త గ్యాసు కలిపి పెట్టెలో పెట్టి అమ్ముతారు. పాత గ్యాసు తీసివేయండి, కొత్త గ్యాసు ఎక్కించండి, వ్యాను చల్లబడుతుంది అని దాని సారాంశము. ఈ సలహాలో నిజము కొంత ఉన్నది. కాని అది ఏ నిజమును దాచిపెడుతున్నదో పరీక్షించడము భౌతికశాస్త్రము బోధించేవారికి, నేర్చుకొనేవారికి ఉపయోగపడుతుంది. తరగతిలో చెప్పే బాష్పీభవనము, గుప్తోష్ణము, సంతృప్త బాష్పపీడనము మొదలైన మాటలన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి.

సలహాలోని మొదటి పొరపాటు మాటలోనే ఉన్నది. గ్యాసు చల్లదనమును ఇస్తుందని సాధారణముగా అంటారు. చల్లదనము అనే వస్తువు లేదు, వేడి ఒక్కటే ఉన్నది. దానిని ఒక చోటినుంచి మరొక చోటికి తరలించడమే ఈ యంత్రము చేసే పని. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుందో విద్యార్థులకు తెలుసు. కుండ గోడలనుంచి ఊరిన నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటినుంచే తీసుకొంటుంది. కుండలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది, తిరిగి రాదు. శీతలయంత్రములో ఆవిరైన ద్రవ్యమును పట్టి, నొక్కి, మళ్లీ ద్రవముగా మార్చి, మళ్లీ పంపుతారు. ఇవాపొరేటర్ అనే గొట్టాల చుట్టలో ద్రవ్యము తక్కువ పీడనములో మరిగి బండిలోని గాలినుంచి వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి పీడనమును, ఉష్ణోగ్రతను పెంచుతుంది. కండెన్సర్ అనే మరొక చుట్టలో అది బయటిగాలికి వేడిని ఇచ్చి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని ద్వారము గుండా పోయి పీడనము తగ్గించుకొని మళ్లీ మొదటి చోటికి వస్తుంది. ఈ ప్రయాణములో ద్రవ్యము ఖర్చుకాదు. పెట్రోలుకు దీనికి గల తేడా అదే. యంత్రములో గ్యాసు ‘అయిపోయింది’ అంటే కారినదని అర్థము, వాడుకలో అరిగిందని కాదు. ఎక్కడ కారినదో కనిపెట్టకుండా మళ్లీ గ్యాసు నింపడము చిల్లుకుండలో నీరు పోయడమే.

ఈ వ్యానులో ఆ అవయవాలను ఎక్కడెక్కడ ఉంచారో ఇక చూడవలెను. ఇంజను వెనుక ఉన్నది. కనుక దానితో తిరిగే కంప్రెసర్ కూడా వెనుకనే ఉన్నది. 1983 ప్రాంతమునుంచి ఇంజను నీటితో చల్లబడే రకానికి మారినది. దాని రేడియేటర్ మాత్రము బండి ముక్కు దగ్గర ఉన్నది. గాలి బాగా తగిలే చోటు అదే గనుక కండెన్సర్‌ను కూడా రేడియేటర్‌కు ముందు నిలబెట్టారు. ఇవాపొరేటర్‌ను, దాని ఫ్యానులను వెస్ట్‌ఫాలియా వ్యానులో వెనుకవైపు పై అలమారలో దాచారు. దీని ఫలితముగా కంప్రెసర్ నొక్కిన వేడి ఆవిరి నాలుగున్నర మీటర్ల బండి పొడవునా అడుగుభాగము వెంబడి ముందుకు పోవలెను. అక్కడ ద్రవమై మళ్లీ అంత దూరమూ వెనుకకు రావలెను.

ఈ అమరికను పూర్తిగా నిందించడము న్యాయము కాదు. ఇవాపొరేటర్‌నుంచి కంప్రెసర్‌కు వచ్చే గొట్టము పొట్టిగా ఉండడము దీనిలోని మంచి. ఆ గొట్టములో ఆవిరి పీడనము తక్కువ కాబట్టి అక్కడ కలిగే కొద్దిపాటి నష్టము కూడా యంత్రమును బాగా దెబ్బతీస్తుంది. దానిని చిన్నదిగా ఉంచిన ఇంజనీర్లు తెలివిగానే ఆలోచించారు. కాని అధిక పీడనము గల గొట్టాలు రెండూ పొడవైనాయి. అవి రోడ్డు వేడికి, దుమ్ముకు, కుదుపులకు గురి అవుతూ దశాబ్దాలు గడిపాయి. ఇక ప్రయాణికుల సంగతి చూస్తే, చల్లగాలి వెనుక అలమారనుంచి బయలుదేరి ముందుకు రావలెను. అందరికంటె ఎక్కువగా ఎండను భరించేది పెద్ద అద్దము వెనుక కూర్చున్న డ్రైవరు. అందరికంటె ఆలస్యముగా చల్లగాలి అందేది కూడా ఆయనకే. చలువ ఒక కొసన, వేడి మరొక కొసన ఉన్నాయి. ఏ గ్యాసు నింపినా ఈ లోపము పోదు.

పాత గ్యాసు ఎందుకు వద్దన్నారో ఇప్పుడు చెప్పవలెను. ఆ రోజుల్లో కార్లన్నింటిలోను నింపినది ఆర్-12 అనే ద్రవ్యము. దీని రసాయన నామము డైక్లోరోడైఫ్లోరోమిథేన్. 1928లో థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీనిని శీతలయంత్రాలకు ఎన్నుకొన్నారు. అంతకుముందు వాడిన అమోనియా, సల్ఫర్ డైఆక్సైడు విషవాయువులు. ఆర్-12 మండదు, విషము కాదు, లోహాలను తినదు. ఇన్ని సుగుణాలు గల ద్రవ్యము మరొకటి లేదని అనుకొన్నారు. దాని సుగుణమే దోషమైనది. అది ఎక్కడా చెడిపోదు గనుక నూరేండ్లపాటు గాలిలో నిలిచి ఎత్తయిన పొరలకు చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు దానిని విరుస్తాయి. బయటపడిన ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలకొలది ఓజోన్ అణువులను నాశనము చేయగలదు. ఈ సంగతిని 1974లో మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ ప్రకటించారు. 1985లో దక్షిణ ధ్రువముమీద ఓజోన్ పొర బాగా పలుచబడినదని బ్రిటిష్ పరిశీలకులు వెల్లడించారు. 1987 సెప్టెంబరు 16వ తేదీన మాంట్రియల్ ఒప్పందముపై సంతకాలు జరిగాయి. అమెరికాలో ఆర్-12 తయారీ 1995 చివరతో ఆగింది. మోలినా, రోలండ్‌లకు, వారితోపాటు పాల్ క్రుట్సెన్‌కు అదే సంవత్సరము నోబెల్ బహుమానము లభించింది. మన దేశములో ఈ జాతి ద్రవ్యాల వాడకము 2010 నాటికి దాదాపు నిలిచింది.

దాని స్థానములో వచ్చినది ఆర్-134ఎ, అనగా టెట్రాఫ్లోరోఈథేన్. దీనిలో క్లోరిన్ లేదు. కాబట్టి ఓజోన్‌కు హాని లేదు. ఒక వాతావరణ పీడనము వద్ద ఆర్-12 సుమారు మైనస్ 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీల వద్ద మరుగుతుంది. సున్న డిగ్రీల వద్ద ఒక కిలో ఆర్-12 ఆవిరి కావడానికి దాదాపు 152 కిలోజౌళ్ల వేడి కావలెను. ఆర్-134ఎకు దాదాపు 199 కిలోజౌళ్లు కావలెను. ఈ సంఖ్యలు చూసినవారు కొత్తదే మేలని తొందరపడతారు. కాని దాని ఆవిరి పలుచన. కంప్రెసర్ ఒక్కొక్క గుక్కలో లాగుకొనేది ఇన్ని కిలోలని కాదు, ఇంత ఘనపరిమాణమని. ఆ లెక్కన రెండింటి మధ్య తేడా దాదాపు సమసిపోతుంది.

అసలు తేడా పీడనాలలో ఉన్నది. ఇవాపొరేటర్ సున్న డిగ్రీలవద్ద, కండెన్సర్ 60 డిగ్రీలవద్ద పనిచేస్తున్నాయని అనుకొన్నట్లయితే, ఆర్-12 పీడనాలు సుమారు 3.05 వాతావరణాలు, 15 వాతావరణాలు. ఆర్-134ఎ పీడనాలు సుమారు 2.9, 16.6. ఇవి శూన్యమునుంచి కొలిచిన పీడనాలు. మెకానిక్ చేతిలోని మీటరు వీటికంటె ఒక వాతావరణము తక్కువ చూపుతుంది. పై పీడనమును కింది పీడనముతో భాగిస్తే పాత గ్యాసుకు 4.9, కొత్త గ్యాసుకు 5.7 వస్తుంది. కింద తక్కువ, పైన ఎక్కువ. అనగా కంప్రెసర్ రెండువైపులా ఎక్కువ కష్టపడవలెను. ఈ నిష్పత్తి పెరిగినకొద్దీ కంప్రెసర్ వేడెక్కుతుంది, లాగే ఆవిరి తగ్గుతుంది, ఇంజనుమీద భారము పెరుగుతుంది. పెట్టెలో గ్యాసు అమ్మేవారు ఈ ఒక్క భాగహారము చేసి చూపిస్తే కొనేవారు మరొక ప్రశ్న వేసి ఉండేవారు.

ఆ ప్రశ్న కండెన్సర్‌ను గురించినది. అది 60 డిగ్రీలు ఎందుకు కావలసివచ్చింది? బయటిగాలి 38 డిగ్రీలు ఉన్నదనుకొనవచ్చును. అరిజోనా, టెక్సాస్ రాష్ట్రాల వేసవిలో అది మామూలే. గాలికంటె కండెన్సర్ వేడిగా ఉంటేనే వేడి బయటికి పోతుంది. ఎంత పోతుందన్నది రెండింటిమీద ఆధారపడుతుంది. ఉపరితలము ఎంత, ఉష్ణోగ్రతల తేడా ఎంత అన్నవే ఆ రెండూ. ఇక్కడ తేడా 22 డిగ్రీలు. గాలికి తగిలే ఉపరితలము ఒకటిన్నర రెట్లు చేస్తే, అదే వేడిని వదలడానికి 15 డిగ్రీల తేడా చాలును. అప్పుడు కండెన్సర్ 53 డిగ్రీలవద్ద పనిచేస్తుంది. ఆర్-134ఎ పీడనము అప్పుడు 14 వాతావరణాలు మాత్రమే. దానిని 2.9తో భాగిస్తే 4.8. పాత గ్యాసు పాత కండెన్సర్‌తో ఇచ్చిన నిష్పత్తికంటె ఇది తక్కువే! గ్యాసు మార్చినందువలన పోగొట్టుకొన్నది కండెన్సర్ మార్చినందువలన తిరిగి వచ్చింది. లెక్కలో గాలి వేగము మొదలైనవి మారలేదని అనుకొన్నాము గాని, ఫలితము ఎటువైపు మొగ్గుతుందో చెప్పడానికి ఇది చాలును.

పాత వ్యానులలోని కండెన్సర్ గుండ్రని గొట్టమును పాములాగా వంచి, దానికి పలుచని రేకులు తొడిగి చేసినది. ఈ కాలపు కండెన్సర్లలో అనేక చదునైన అల్యూమినియం గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. ఒక్కొక్క గొట్టములో మళ్లీ సన్నని కాలువలు ఉంటాయి. అంతే చోటులో వేడిని వదిలే శక్తి చాలా హెచ్చు. ఆర్-134ఎకు మారేటప్పుడు మొదట కొనవలసిన వస్తువు ఇది. పెట్టెలో లేనిది కూడా ఇదే.

మెకానిక్‌లలో అనుభవశాలురు దీనిని ఒక చిన్న పరీక్షతో తేల్చుకొంటారు. వ్యాను నిలబడి ఉన్నప్పుడు యంత్రమును నడిపి, కండెన్సర్‌మీద గొట్టముతో నీరు చిమ్ముతారు. పై పీడనము చటుక్కున పడిపోయి, లోపలి గాలి చల్లబడితే, లోపము గ్యాసులో కాదు, వేడిని బయటికి వదలడములో ఉన్నదని తెలుస్తుంది. రెండు రూపాయల నీటితో చేసే ఈ పరీక్ష ఖరీదైన సలహాలు ఎన్నింటికో సమాధానము చెబుతుంది.

పెద్ద కంప్రెసర్ వేయించమని చెప్పేవారు మరొక తెగ. వారి వాదము చూడడానికి బలముగానే ఉంటుంది. ఎక్కువ ఆవిరిని లాగితే ఎక్కువ వేడిని లాగినట్లే గదా! కాని లాగిన వేడి అంతా, దానికితోడు కంప్రెసర్ చేసిన పని అంతా, కండెన్సర్ గుండానే బయటికి పోవలెను. లోపలినుంచి 4 కిలోవాట్ల వేడిని తీయడానికి కంప్రెసర్ 2 కిలోవాట్ల పని చేస్తే కండెన్సర్ 6 కిలోవాట్లు వదలవలెను. తలుపు వెడల్పు చేయకుండా హాలులోకి జనమును తోసినట్లు, పాత కండెన్సర్‌కు పెద్ద కంప్రెసర్ తగిలిస్తే పై పీడనము పెరిగిపోతుంది. ఆ 6 కిలోవాట్ల వేడి కలిసిన గాలే వెనుకనున్న రేడియేటర్‌కు తగులుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతున్నదని డ్రైవరు చలువయంత్రమును కట్టివేస్తాడు. అంతటితో అభివృద్ధి పూర్తి అవుతుంది.

ఆదర్శ యంత్రమును తీసుకొన్నా ఇదే తేలుతుంది. కార్నో సూత్రము ప్రకారము సున్న డిగ్రీలకు, అనగా 273 కెల్విన్లకు, 60 డిగ్రీల తేడా ఉంటే, చేసిన ఒక్కొక్క జౌలు పనికి 273ను 60తో భాగించగా వచ్చే 4.55 జౌళ్ల వేడి తరలుతుంది. కండెన్సర్‌ను పది డిగ్రీలు చల్లబరిస్తే 5.46 జౌళ్లు తరలుతుంది. కంప్రెసర్‌ను ముట్టకుండానే అయిదో వంతు లాభము.

గ్యాసు మార్చడములో మరికొన్ని చిక్కులు ఉన్నాయి. వాటిని అంగడి పెట్టె చిన్న అక్షరాలలో చెబుతుంది, లేదా చెప్పదు. కంప్రెసర్‌కు నూనె గ్యాసుతోపాటే తిరుగుతూ వస్తుంది. ఆర్-12తో వాడిన ఖనిజపు నూనె ఆర్-134ఎతో కలవదు. కలవని నూనె చుట్టలలో ఎక్కడో నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది. అందుచేత ఎస్టర్ జాతి నూనెనో, కొత్త గ్యాసుకు తగిన మరొక కృత్రిమ నూనెనో పోయవలెను. గ్యాసు తూకము కూడా పాతదానికంటె తగ్గించవలెను. పాత తూకములో నూటికి 80 నుంచి 90 పాళ్లు సాధారణముగా సరిపోతుంది. తెలియనివారు పూర్తిగా నింపి, పీడనము పెంచి, చల్లదనము తగ్గించుకొంటారు.

కొత్త గ్యాసు అణువు చిన్నది. పాత రబ్బరు గొట్టాల గోడలగుండా అది మెల్లగా ఊరిపోతుంది. ఇతర కార్లలో గొట్టాలు పొట్టి కాబట్టి ఈ లోపము అంతగా కనిపించదు. ముక్కునుంచి తోకదాకా గొట్టాలు పరచిన ఈ వ్యానులో అదే ప్రధానమైన వ్యాధి. లోపల నైలాన్ పొర వేసిన కొత్త గొట్టాలు వేయకుండా గ్యాసు నింపడమును సమర్థించడము కష్టము. ఓజోన్‌కు హాని చేయకపోయినా ఆర్-134ఎ వాతావరణమును వేడెక్కించే ద్రవ్యము. నూరేండ్ల లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1430 కిలోల కార్బన్ డైఆక్సైడుకు సమానము. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డైఆక్సైడు వస్తుంది. కాబట్టి ఒక కిలో గ్యాసు కారిపోవడము 620 లీటర్ల పెట్రోలు తగలబెట్టడముతో సమానము. లీటరుకు 8 కిలోమీటర్లు నడిచే వ్యానుకు అది 5000 కిలోమీటర్ల ప్రయాణము! ఆర్-12 అయితే దాని దోషము ఇంతకు ఏడు రెట్లకు పైమాటే. పాత యంత్రములో మిగిలిన గ్యాసును గాలిలోకి వదలడము అమెరికాలో 1992 జూలైనుంచి నేరము. దానిని యంత్రముతో పట్టి సిలిండరులోకి ఎక్కించవలెను. పెరటిలో నిలబడి మర విప్పి ‘ఖాళీ’ చేసేవారు చట్టముతోపాటు ఆకాశమును కూడా మరచిపోతున్నారు.

తేమను గురించి ఒక మాట. గొట్టాలు విప్పినప్పుడు లోపలికి గాలి, దానితో నీటి ఆవిరి ప్రవేశిస్తుంది. సన్నని వాల్వులో ఆ నీరు గడ్డకట్టవచ్చును, నూనెతో చేరి ఆమ్లాలను పుట్టించవచ్చును. అందుకే గ్యాసు నింపకముందు పంపుతో లోపల శూన్యము చేస్తారు. గాలిని తీయడానికే ఈ పని అని చాలామంది అనుకొంటారు. 25 డిగ్రీలవద్ద నీటి సంతృప్త బాష్పపీడనము సుమారు 24 మిల్లీమీటర్ల పాదరసము. లోపలి పీడనము అంతకంటె దిగితే గొట్టాలలోని నీరు గది ఉష్ణోగ్రత వద్దనే మరిగి ఆవిరై బయటికి పోతుంది. బల్లమీద గంటజాడీతో చూపే ప్రయోగమే ఇది. పంపు ఆపిన తరువాత శూన్యము నిలుస్తున్నదా లేదా అని కొంతసేపు వేచి చూస్తే, చిల్లు ఉన్నదీ లేనిదీ కూడా బయటపడుతుంది. ఓపికలేని మెకానిక్ ఈ రెండు లాభాలనూ వదులుకొంటాడు.

పెట్టెలలో మరొక రకము ఉన్నది. దానిని తేలికగా చూడరాదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మొదలైన హైడ్రోకార్బన్ల మిశ్రమములను ఆర్-12కు బదులుగా అమ్ముతారు. ఇవి పాత నూనెతో కలుస్తాయి, చల్లదనము కూడా బాగానే ఇస్తాయి, చవక. వీటి సుగుణాలు అబద్ధము కాదు. కాని ఇవి వంటగ్యాసుకు తోబుట్టువులు. ఇవాపొరేటర్ ఉన్నది పడకమీది అలమారలో. కిందనే పొయ్యి. ఆ గొట్టము రాత్రి పగిలి అర కిలో ప్రొపేన్ లోపలికి వచ్చిందనుకొంటే దాని ఘనపరిమాణము దాదాపు 0.28 ఘనమీటరు. వ్యాను లోపలి చోటు 6 ఘనమీటర్లు అనుకొంటే గాలిలో నూటికి నాలుగున్నర పాళ్లు. గాలిలో నూటికి 2.1 నుంచి 9.5 పాళ్లవరకు ప్రొపేన్ మండుతుంది. ఉదయము కాఫీ కోసము అగ్గిపుల్ల గీసేవారికి ఈ లెక్క తెలిసి ఉండవలెను. అమెరికా పర్యావరణ సంస్థ పాత ఆర్-12 బండ్లలో ఈ మిశ్రమాలను అనుమతించలేదు. ఇంటి ఫ్రిజ్‌లలో వీటిని వాడుతున్నారు గదా అని వాదించవచ్చును. అక్కడ ఉండేది కొన్ని పదుల గ్రాములు, కదలని పెట్టె, అతికిన రాగి గొట్టాలు. ఇక్కడ ఉండేది అర కిలో, కుదిపే రోడ్డు, రబ్బరు గొట్టాలు.

ఇంతవరకు వేడిని బయటికి పంపడము గురించి చెప్పినది. అసలు లోపలికి ఎంత వస్తున్నదో అడిగేవారు తక్కువ. నడిమధ్యాహ్నము నేలమీద ఒక చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు సూర్యశక్తి పడుతుంది. ఈ వ్యానుకు నాలుగువైపులా పెద్ద అద్దాలు ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడి, 3 చదరపు మీటర్ల అద్దముమీద మీటరుకు 700 వాట్లు తగిలి, ముప్పాతిక భాగము లోపలికి వస్తున్నదనుకొంటే, ఒకటిన్నర కిలోవాట్లకు పైగా అవుతుంది. నలుగురు మనుషుల దేహాలనుంచి మరొక 400 వాట్లు. వెనుక పరుపుకింద ఇంజను ఉన్నది. 4 కిలోవాట్ల యంత్రములో దాదాపు సగము శక్తి, కొత్త వేడిని తరిమేందుకే సరిపోతున్నది. ఎండలో నిలిపి ఉంచిన వ్యానులో బల్లలు, అలమారలు, పరుపులు పీల్చుకొన్న వేడి దీనికి అదనము. తలుపులన్నీ తెరిచి అయిదు నిమిషాలు వేడిగాలిని వదిలినవాడు గ్యాసు డబ్బా కొన్నవాడికంటె ఎక్కువ లాభము పొందుతాడు.

అద్దాలకు తెరలు కట్టడములో కూడా శాస్త్రము ఉన్నది. లోపల కట్టిన తెర ఎండను ఆపుతుంది గాని, అప్పటికే అద్దము దాటి వచ్చిన శక్తి తెరలో వేడిగా మారి లోపలే తిరుగుతుంది. బయట కప్పిన మెరుగు గుడ్డ ఎండను లోపలికి రాకముందే తిప్పి కొడుతుంది. మన ఊళ్లలో అరుగులముందు తాటాకు పందిరి వేసినవారు ఈ సూత్రము చదివి వేయలేదు. 1940, 50 దశకాలలో అమెరికా ఎడారి రాష్ట్రాలలో కారు కిటికీకి వెలుపల నీటి పీపావంటి చల్లబరిచే సాధనమును తగిలించేవారు. అది తడి పీచుగుండా గాలిని పంపే పద్ధతి, వట్టివేళ్ల తడికలకు బంధువు. పొడిగాలి గల అరిజోనాలో పనిచేసింది, తేమ గల ఫ్లోరిడాలో చేయలేదు. ఎందుకో తెలుగు విద్యార్థికి చెప్పనవసరము లేదు. రాయలసీమలో తడిక చల్లదనము, కాకినాడలో తడిక ఉక్కపోత చూసిన ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇక బండి నిలిచిన తరువాత సంగతి. కాంపర్ వ్యాను అన్నది నిద్రపోవడానికి. ఇంజను ఆగితే కంప్రెసర్ ఆగుతుంది. ఎంత గొప్పగా బాగుచేసినా ఇంజనుతో నడిచే యంత్రము రాత్రి పనికిరాదు. ఈ సందర్భములో కప్పుమీద బిగించే కరెంటు యంత్రాలు సూచిస్తారు. వాటిలో మామూలు పరిమాణము గంటకు 13,500 బ్రిటిష్ ఉష్ణ యూనిట్లు, అనగా దాదాపు 4 కిలోవాట్లు, ఒక టన్నుకు కొంచెము ఎక్కువ. ఇక్కడ టన్ను అనేది యంత్రము బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను మంచు 24 గంటలలో కరిగేటప్పుడు పీల్చుకొనే వేడి రేటు, సుమారు 3.5 కిలోవాట్లు. ఈ యంత్రాలు దాదాపు 1.4 కిలోవాట్ల విద్యుత్తును తింటాయి. పన్నెండు వోల్టుల వంద ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 కిలోవాట్-గంటలు. గంట నిండకుండానే అది ఖాళీ. పైకి లేచే పలుచని కప్పు ఆ బరువును మోయడానికి చేసినది కూడా కాదు. కప్పు లేపిన తరువాత చుట్టూ ఉండేది గుడ్డ. గుడ్డగోడల ఇంటికి ఒక టన్ను యంత్రము పెట్టడము ఏమి న్యాయము?

బ్యాటరీతోనే నడిచే చిన్న యంత్రాలు ఇటీవల వచ్చాయి. 500 వాట్లతో పనిచేసేదానికి పై బ్యాటరీ రెండున్నర గంటలు వస్తుంది. పడక ఒక్కదానిని తెరతో వేరుచేసి అంతవరకే చల్లబరిస్తే ఉపయోగము ఉన్నది. వ్యాను మొత్తమును చల్లబరచవలెనంటే లేదు. కప్పుమీది 200 వాట్ల సౌరపలక నిండు ఎండలో కూడా దాని అవసరములో సగము తీర్చదు. ఎండ లేని రాత్రి సంగతి సరేసరి.

కేవలము గ్యాసు మార్చి తృప్తిపడినవారు లేకపోలేదు. వేసవిలో 28 డిగ్రీలు దాటని చోట్ల, గొట్టాలు ఇంకా గట్టిగా ఉన్న వ్యానులలో, అది చాలును. అక్కడ కండెన్సర్‌కు కష్టము లేదు. ఆ అనుభవమును టెక్సాస్‌లోని యజమానికి సలహాగా ఇవ్వడమే తప్పు. ఇక కొత్త కార్లలో ఆర్-134ఎ కాలము కూడా ముగుస్తున్నది. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దానిని నింపరు. 2016లో రువాండా దేశములోని కిగాలీలో కుదిరిన సవరణ ప్రకారము ఈ జాతి ద్రవ్యాలన్నిటినీ క్రమముగా తగ్గించవలెను. ఆర్-1234వైఎఫ్ అనే కొత్త ద్రవ్యము వాతావరణములో కొద్ది రోజులే నిలుస్తుంది, కాని ఖరీదు ఎక్కువ, కొంచెము మండే గుణము కూడా ఉన్నది. దానికోసము పాత వ్యానును మళ్లీ విప్పవలసిన అగత్యము ఇప్పటికి కనిపించదు. గట్టి గొట్టాలు, పెద్ద కండెన్సర్ వేసి ఉంచినట్లయితే కిలో గ్యాసు ఏండ్లతరబడి లోపలే ఉంటుంది.

ఈ పనికి అంగడివారు ఇచ్చే రసీదు చూస్తే పని ఎటువంటిదో తెలిసిపోతుంది. చాలా రసీదులలో గ్యాసు ఇన్ని గ్రాములు, కూలి ఇంత అని రెండు పంక్తులు మాత్రమే ఉంటాయి. పాత గ్యాసు ఎంత పట్టినదీ, శూన్యము ఎన్ని నిమిషాలు నిలిచినదీ, నూనె ఏ జాతిదీ, బయటిగాలి ఎన్ని డిగ్రీలు ఉండగా కండెన్సర్ పీడనము ఎంత చూపినదీ రాసిన రసీదు అరుదు. యజమాని అడగవలసినవి ఆ నాలుగు పంక్తులు.